ఏడాదికి ఒక్క రోజు వేసిన తాళం

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు పాలు పోసే ఆయన మా వెనక గేటు తోశాడు. అది తెరుచుకోలేదు. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం, ఆ సమయంలో నేను బావి పక్కన నిలబడి వాచీ చూసుకుంటూ ఉండటమే. మనిషి వచ్చి, గేటు మూసి ఉందని చూసి, వెనక్కి తిరిగిన సమయాన్ని డైరీలో రాసి పెట్టుకోవాలని ముందు రోజే అనుకున్నాను. ఎప్పుడైనా కోర్టులో పనికొస్తుందని. రాశాను కూడా. ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గరుంది. ఏ కోర్టూ ఇంతవరకు అడగలేదు.

గేటు సంగతి చెప్పాలంటే స్థలం సంగతి చెప్పాలి. పుదుచ్చేరికి దక్షిణపు చివర, మురుంగపాక్కంలో మా అత్తగారి ఇల్లు. ఇల్లు చిన్నది. రెండు గదులు, వంటిల్లు, నా పుస్తకాల కోసం తర్వాత వేసిన రేకుల గది. స్థలం మాత్రం పెద్దది. మా మామగారు మిల్లులో నేత పని చేసేవారట. ఆ చుట్టుపక్కల సరుగుడు తోటలు తప్ప మరేమీ లేని రోజుల్లో, తోటి పనివాళ్లు నవ్వుతున్నా వినకుండా కొన్నారట. నేను ఆయన్ని చూడలేదు. హాల్లో ఫోటో చూశాను. నలుగురూ నవ్వినా ఫరవాలేదనుకునే మనిషి ముఖమే.

స్థలానికి ముందు గేటు బస్సులు తిరిగే రోడ్డు మీద ఉంది. వెనక గేటు ఒక సందులో ఉంది. రెండింటి మధ్య నూట నలభై ఆరు అడుగులు. టేపు పెట్టి నేనే కొలిచాను. సందులో ఉండేవాళ్లు ఎక్కువమంది మా అత్తగారిలాగే తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. మిల్లుల్లో, మున్సిపాలిటీలో, కూలి పనుల్లో బతికినవాళ్లు. వాళ్లు బస్సెక్కాలంటే సందు చివరిదాకా పోయి చుట్టూ తిరిగి రావాలి. లేకపోతే మా వెనక గేటు తోసుకుని, బావి పక్కగా, వంటింటి మెట్టు ముందు నుంచి, కొబ్బరి చెట్ల మధ్యగా నడిచి ముందు గేటులోంచి బయటపడాలి. అందరూ రెండోదే చేసేవారు. ఇసుకలో ఒక మనిషి పట్టేంత వెడల్పున దారి గట్టిపడిపోయింది. వానాకాలంలో కూడా దాని మీద గడ్డి మొలవదు.

అత్తయ్య పొద్దున్నే వంటింటి మెట్టు మీద కత్తిపీట వేసుకుని కూర్చునేది. పోయే ప్రతి మనిషినీ ఏదో ఒకటి అడిగేది.

“యాడికే ఇంత పొద్దున్నే?”

“ఆస్పత్రికి పెద్దమ్మా.”

“ఏంది, ఎవురికి?”

“నాకే. మోకాలు.”

“నీకు మోకాలు గాదు, నోరు నొప్పి రావాల. సరి, పొయ్యి రా.”

ఎవరితో ఏం మాట్లాడినా చివర “పొయ్యి రా” మాత్రం తప్పేది కాదు. ముందు రోజు పోట్లాడిన వాళ్లకు కూడా చెప్పేది. కాస్త విసురుగా చెప్పేది, అంతే.

నేను యానాం వాణ్ణి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా ఇక్కడికి వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకున్నాను. వేరే ఇల్లు దొరికేదాకా అత్తవారింట్లో ఉంటామని మా వాళ్లకు ఉత్తరం రాశాను. పంతొమ్మిదేళ్లయింది. ఇంకా దొరకలేదు. మొదట్లో అత్తయ్య తెలుగు నాకు నచ్చేది కాదు. “యాడ” కాదు “ఎక్కడ” అని చెప్పేవాణ్ణి. ఆవిడ తలూపి, “సరి మాప్పిళ్ళే, ఇంక ఎక్కడ అనే అంటా. నీ కళ్లజోడు యాడ పెట్టినావు?” అనేది. అల్లుణ్ణి తమిళంలో మాప్పిళ్ళై అంటారు. ఆవిడ నన్ను మరో మాటతో పిలవలేదు.

ఆఫీసులో రోజంతా ఇతరుల హద్దులు చదివి చదివి, ఒక రోజు నా కన్ను మా హద్దుల మీద పడింది. ఒకరి స్థలంలోంచి జనం ఏళ్ల తరబడి అడ్డూ ఆపూ లేకుండా నడిస్తే, చివరికి ఆ దారి మీద వాళ్లకు హక్కు వస్తుంది. ఇంటికొచ్చి మూడు పుస్తకాలు తిరగేశాను. ఏడాదికి ఒక్క రోజు దారి మూసి, స్థలం మాదేనని చాటుకుంటే చాలునని అర్థం చేసుకున్నాను. అత్తయ్యకు చెప్పాను. ఆవిడ వంకాయ తరగడం ఆపలేదు.

“ఆ దారి మూస్తే నాతో మాట్లాడేదెవురు?” అంది.

“నేను లేనా అత్తయ్యా?”

ఆవిడ తలెత్తి నన్ను చూసింది. “నువ్వు సదువుకుంటా ఉంటావు” అంది.

మామగారు పోయినప్పటి నుంచి ఆవిడకు ఉన్న లోకం ఆ దారేనని నాకు అప్పుడు తెలియాల్సింది. అప్పటికి నా దగ్గర మూడు బీరువాల పుస్తకాలున్నాయి. మనుషుల ఒంటరితనం గురించి వాటిలో చాలా ఉంది. ఒక్క రోజేగా అని వాదించాను. ఆవిడ మాట్లాడలేదు. మాట్లాడకపోవడాన్ని ఒప్పుకోవడంగా రాసుకోవడం మా ఆఫీసు అలవాటు.

రోజు జాగ్రత్తగా ఎంచుకున్నాను. ఆగస్టు పదహారు. దేశమంతా పదిహేనున సెలవు తీసుకుని పనిలోకి పోతే, పుదుచ్చేరిలో మరునాడు కూడా విలీన దినమని సెలవే. బడులు, ఆఫీసులు ఉండవు కాబట్టి నడిచేవాళ్లు తక్కువ. ఎవరికీ ఇబ్బంది లేకుండా హక్కు కాపాడుకోవడం ఎలాగో నాకు బాగా తెలుసని అనుకున్నాను.

పదిహేనో తేదీ సాయంత్రం కూర్చుని బోర్డు రాశాను. సందులో ఎక్కువమంది తెలుగు మాట్లాడతారు కాబట్టి తెలుగులోనే రాశాను. నా దస్తూరి బాగుంటుంది. “ఈ మార్గము స్థల యజమాని హక్కులకు లోబడినది. సదరు హక్కుల పరిరక్షణార్థము నేటి దినము మూసివేయబడినది.” అట్ట చుట్టూ అంచు లేకపోతే బాగుండదని స్కెచ్ పెన్నుతో వేలు మందాన నల్లటి గీత గీశాను. ఉదయం ఐదున్నరకు గేటుకు తాళం వేసి బోర్డు కట్టాను.

సందులో తెలుగు మాట్లాడేవాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లు చదివినవి తమిళ బడులు. అత్తయ్యకూ రాదు. అదే ఇంట్లో అన్నేళ్లు ఉండి, రోజూ నా పక్కన తమిళ పేపరు పట్టుకుని కూర్చున్న మనిషిని చూసి కూడా నేను ఆ సంగతి సందుకు వర్తింపజేయలేదు. ఇక నల్ల అంచు సంగతి. ఈ ఊళ్లో నల్ల అంచు కాగితం గోడ మీద కనబడితే దానికి ఒకటే అర్థం. ఎవరో పోయారు. ఎన్నడూ మూయని గేటుకు తాళం, దాని మీద నల్ల అంచు అట్ట. పాలాయనకు చదవాల్సిన అవసరం రాలేదు.

ఏడుంబావుకు ముందు గేటు దగ్గర సైకిలు బెల్లు వినిపించింది. పోయి చూస్తే పదిహేనుమంది దాకా ఉన్నారు. అందరూ చుట్టూ తిరిగి వచ్చారు. మగవాళ్లు తువ్వాళ్లు భుజాన వేసుకున్నారు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపి మోసుకొచ్చారు. సందు మొదట్లో ఇడ్లీలు అమ్మే ఆవిడ అందరికన్నా ముందు నిలబడింది. చేతిలో బంతిపూల దండ. కళ్లు అప్పటికే ఎర్రబడ్డాయి. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది.

“ఎప్పుడు సార్? నిన్న సాయంత్రం గూడా నాతో మాట్లాడె గదా.”

నేను ఏమీ అర్థం కాక, “ఉదయం ఐదున్నరకు” అన్నాను. తాళం వేసిన సమయం అడుగుతోందనుకున్నాను.

ఆవిడ పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపుకు అత్తయ్య చీపురుతో బయటికి వచ్చింది.

“ఎవురే పోయింది?”

కుర్చీలు మోసిన ఆయన వాటిని కింద పెట్టేశాడు.

“నువ్వే అనుకున్నాం పెద్దమ్మా” అంది ఇడ్లీల ఆవిడ, ఏడుపు మధ్యలోనే ఆపి.

“నేనా? నేనింకా కాపీ గూడా తాగలే.”

“సార్ చెప్పినాడే, ఐదున్నరకని.”

అత్తయ్య నా వైపు తిరిగింది. అందరూ తిరిగారు. చావు మేళం వాళ్లకు కబురు పెట్టడానికి మనిషి పోయాడని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎవరో అతని వెనక పరుగెత్తారు. తర్వాత నన్ను వెనక గేటు దగ్గరికి తీసుకుపోయి బోర్డు విప్పించారు. అత్తయ్య, “ఏం రాసినావో అందురికీ సదువు” అంది.

చదివాను. నా జీవితంలో నేను రాసింది పదిహేనుమంది ఒక్కసారిగా వినడం అదొక్కసారే.

“లోబడినది అంటే ఏంది సార్?” అని ఒకాయన అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. చెప్పాను. పరిరక్షణార్థము కూడా చెప్పాల్సి వచ్చింది. చెప్పడం పూర్తయ్యేసరికి అందరి ముఖాలూ మారాయి. పోయిందనుకున్నప్పుడు ఉన్న దగ్గరితనం ఆ ముఖాల్లో లేదు.

“మేం నడిస్తే నేల అరిగిపోతాదా సార్?” అంది ఇడ్లీల ఆవిడ. కోపంగా అనలేదు. చట్టం అరుగుదల గురించి మాట్లాడదు.

అత్తయ్య ఆమె చేతిలోంచి దండ తీసుకుంది. “తెచ్చినంక తిరిగి తీసకపోగూడదు” అని లోపలికి పోయి మామగారి ఫోటోకు వేసింది. అందరికీ కాఫీ పెట్టింది. వాళ్లు తెచ్చిన కుర్చీల్లోనే కూర్చుని తాగారు. నేను నిలబడి తాగాను. తాళం చెవి అడుగుతుందేమోనని ఎదురు చూశాను. అడిగితే ఇచ్చేసేవాణ్ణి. ఆవిడ అడగలేదు. అందరూ వింటుండగా, “ఏడాదికి ఒక దినమే గదా, మూసుకోనీ. పావం, రాత్రంతా కూర్చోని రాసినాడు” అంది. అల్లుడి పరువు నిలబెట్టింది. ఆ పరువు ఏపాటిదో కూడా అందరికీ తెలిసేలా చేసింది.

ఆ తర్వాత ప్రతి ఆగస్టు పదహారునా తాళం వేశాను. బోర్డు మాత్రం మళ్లీ కట్టలేదు. మొత్తం ఆరుసార్లు. సందువాళ్లకు అదొక పండగలాంటిది అయింది. ఆ రోజు పనిగట్టుకుని వెనక గోడ దగ్గరికి వచ్చేవారు. ఇడ్లీల ఆవిడ గోడ మీదుగా తల పెట్టి కేకేసేది.

“పెద్దమ్మా, ఈ దినం పోయినావా?”

అత్తయ్య మెట్టు మీద నుంచే కేకేసేది. “ఇంకా లే. రేపు రా.”

“దండ తేవాల్నా, వద్దా?”

“మల్లెపూలు తే. బంతిపూలు నాకు పడవు.”

నేను రేకుల గదిలో పుస్తకం ముందు పెట్టుకుని ఇదంతా వినేవాణ్ణి. పేజీ తిరిగేది కాదు. వాళ్లు నన్ను ఎగతాళి చేస్తున్నారని మొదటి రెండేళ్లు అనుకున్నాను. తర్వాత అర్థమైంది, వాళ్లకు నేను గుర్తు కూడా లేనని.

ఆరోసారి తాళం వేసిన తర్వాతి ఫిబ్రవరిలో ఒక గురువారం, ఉదయం తొమ్మిది దాటాక, అత్తయ్య బీరకాయ చెక్కుతూ తల తిరుగుతోందని చెప్పింది. నా భార్య కదిర్కామం ఆస్పత్రిలో నర్సు. అదృష్టవశాత్తూ ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ కావడంతో ఇంట్లోనే ఉంది. చెయ్యాల్సింది చేసింది. ఆటోలో పోతుండగానే అత్తయ్య పోయింది. పన్నెండు కాకముందే ఇంటికి తీసుకొచ్చాం. ఇంతకంటే ఎక్కువగా దీన్ని రాయడం నాకు చేతకాదు. ఇలాంటి చోట అందంగా రాసినవాళ్లను చదివాను. వాళ్లను నేను నమ్మలేదు.

మేము ముందు గేటు నుంచి లోపలికి వచ్చాం. వెనక గేటు ఎప్పటిలాగే తెరిచి ఉంది. జనం నడుస్తూనే ఉన్నారు. మెట్టు మీద సగం చెక్కిన బీరకాయ చూసి, పెద్దమ్మ లోపలికి పోయిందనుకుని దాటిపోయారు. నేను సందులోకి వెళ్లి ఇడ్లీల ఆవిడకు చెప్పాను. ఆమె గిన్నెలు తోముతోంది. తలెత్తి చూసి మళ్లీ తోమడం మొదలుపెట్టింది.

“ఊరికే ఉండు సార్. కొంచెం సేపటికి ముందు నేను ఆ దారినే వస్తిని.”

“నిజం అక్కా.”

“గేటు తీసే ఉండాది గదా” అంది.

ఆమె నమ్మడానికి నేను ఆ మాట మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. అప్పుడు ఆమె లేచి చేతులు తుడుచుకుంది. సందు చివర పూలమ్మే చోటుకు పోయి మల్లెపూల దండ కట్టించుకుని వచ్చింది. ఫిబ్రవరిలో మల్లెలు అంతగా దొరకవు. ఎక్కడ తెచ్చిందో నేను అడగలేదు.

పదహారో రోజు కార్యానికి ఒర్లియంపేట నుంచి నాకు తెలిసిన పెద్దాయన ఒకరు వచ్చారు. కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. భోజనాలయ్యాక, పోయిన మనిషి గురించి మాట్లాడాల్సిన సమయంలో, నేను దారి గురించి అడిగాను. ఆరేళ్లు తాళం వేశానని, డైరీ ఉందని చెప్పాను. ఆయన తాంబూలం నములుతూ విన్నారు.

“ఆవిడకు వాళ్లు నడవడం ఇష్టమేనా?”

“ఇష్టమే. ప్రతివాళ్లకూ పోయి రమ్మని చెప్పేది.”

“ప్రతి రోజూ?”

“ప్రతి రోజూ.”

“మరి ఇంకేంటయ్యా? అది అనుమతి. ఇంటివాళ్ల అనుమతితో నడిచే దారి మీద ఎవరికీ హక్కు పుట్టదు. రోజూ ఆవిడ నోటితో చేసిన పని నువ్వు ఏడాదికోసారి ఇనుముతో చేశావు. అదీ అక్కర్లేకుండా.” తాంబూలం రెండో బుగ్గకు మార్చి, “ఇంతకీ డైరీలో ఏం రాశావు?” అన్నారు.

“పాలాయన ఆరూ ఇరవైకి వెనక్కి తిరిగాడని.”

ఆయన మర్యాద తెలిసిన మనిషి. బయటికి పోయి ఉమ్మి వచ్చి నవ్వారు.

ఆ సాయంత్రం నా భార్యకు ఇదంతా చెప్పాను. స్థలం ఇప్పుడు ఆమెది. ఆమె అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు లేని పిల్ల. విన్నాక, “అయితే ఇప్పుడు పొయ్యి రా అని ఎవరు చెప్తారు?” అంది. నేను ఆలోచించని ప్రశ్న అదే. చెప్పేవాళ్లు లేకపోతే దారి ఉత్త దారి అవుతుంది. ఎవరిదీ కానిది అవుతుంది. చట్టం మాట నేను పక్కన పెట్టేశాను. ఆ మెట్టు ఖాళీగా ఉండటం మొదలయ్యాక, సందువాళ్లలో కొందరు చుట్టూ తిరిగి పోతున్నారని నాకు అప్పటికే తెలుసు. ఇంకొన్నాళ్లయితే ఇసుకలో గడ్డి మొలుస్తుంది.

“పొద్దున నాకు డ్యూటీ. ఖాళీగా ఉండేది నువ్వే” అంది.

మరునాడు మెట్టు మీద కూర్చున్నాను. కత్తిపీట వాడటం రాదు కాబట్టి పుస్తకం పెట్టుకున్నాను. పుస్తకం చదివే మనిషిని దాటేటప్పుడు ఎవరూ మాట్లాడరని వారం తర్వాత గ్రహించి దాన్ని లోపల పెట్టాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం మొదలుపెట్టాను. మొదటిసారి ఒక మున్సిపాలిటీ కార్మికుడికి “వెళ్లి రండి” అని చెప్పాను. అతను ఆగిపోయాడు. “తప్పయిపోయింది సార్” అని వెనక్కి తిరిగి చుట్టూ పోయాడు. రెండు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. మూడో రోజు ఇడ్లీల ఆవిడ నా ముందు నిలబడింది.

“ఎందుకు సార్ తీర్పు చెప్పినట్టు చెప్తావు? ముందు ఏమన్నా అడగాల. యాడికి అని అడుగు.”

“ఎక్కడికి?”

“యాడికి.”

“యాడికి?” అన్నాను.

“బజారికి. పప్పు అయిపోయింది. ఇప్పుడు చెప్పు.”

“పొయ్యి రా” అన్నాను. పదిహేడేళ్లు నేను దిద్దిన తెలుగులో. ఆమె రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే, “ఇంకొంచెం విసురుగా చెప్పాల” అంది.

ఆగస్టు వచ్చింది. పదహారో తేదీ ఐదున్నరకు అలవాటుగా మెలకువ వచ్చింది. మేకుకు వేలాడే తాళం తీసుకుని వెనక గేటు దాకా పోయాను. ఎందుకు పోయానో కచ్చితంగా చెప్పలేను. ఆ రోజు గేటు మూస్తే గోడ అవతల నుంచి ఎవరో ఒకరు కేక వేస్తారని, ఇవతల నుంచి సమాధానం చెప్పేవాళ్లు ఉండరని అక్కడ నిలబడ్డాక తోచింది. కేక వెయ్యకపోతే మరీ కష్టం. ఆరూ ఇరవైకి పాలాయన వచ్చాడు. చేతిలో తాళంతో గేటు లోపల నిలబడ్డ నన్ను చూసి ఆగాడు. నేను పక్కకు జరిగాను. అతను గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. క్యాను రెండో చేతికి మార్చుకుంటూ, మూయడం లేదా అని తమిళంలో అడిగాడు. లేదన్నాను. ఎక్కడికి అని అడిగాను. అతను నన్ను విచిత్రంగా చూశాడు. చేతిలో పాల క్యాను ఉంది.

తాళం ఇప్పుడు బియ్యం డబ్బా మూత మీద బరువుగా ఉంటోంది. ఆగస్టు పదహారున మా వెనక గేటు మూయడం మానేశాం.